లేదంటే ఎక్కడ లేదు?

జమ్మలమడుగుని జమ్ములమడుగు అని రాస్తే మామూలుగా ఎవరూ పట్టించుకోరు, చదివేసి ముందుకు పోతారు. ఊళ్ల పేర్ల మీదే పుస్తకం రాసిన మనిషి మాత్రం అలా పోలేడు. మూడేళ్ల కిందట కడపలో మా చిన్నాన్న డీటీపీ షాపులో అలాంటి పుస్తకం ఒకటి చేశాం. రాసింది రిటైరైన తెలుగు అయ్యవారు. జిల్లాలో ఊరూరూ తిరిగి, పాత కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర రాసిన రికార్డులు, చూసి, పెద్దవాళ్లని అడిగి పోగుచేసిన పని అది. అచ్చు ప్లేట్లకి పంపే ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "నాయనా, ఒకటి రెండు చోట్ల జమ్ములమడుగు అని పడినట్టుండాది, అంతా ఒకసారి చూడు" అన్నారు. నేను టెర్మినల్ తెరిచి, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కి ఆ తప్పు పేరు ఇచ్చాను. రెండు చోట్ల చూపించింది, దిద్దాను. మళ్లీ కొట్టాను, ఏమీ రాలేదు. "ఇంక లేదు సార్" అని చెప్పేశాను.

ఐదొందల కాపీలు బైండింగయి వచ్చాక చూస్తే అనుబంధాల్లో తొమ్మిది చోట్ల జమ్ములమడుగే ఉంది. తప్పొప్పుల పట్టిక అచ్చేసి, ఐదొందల చీటీలు నేనూ షాపులో పిల్లాడూ కూర్చుని గమ్ముతో అతికించాం. అయ్యవారు ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. చిన్నాన్న మాత్రం అడిగాడు: "మిషను ల్యాదంటే ల్యాదనుకునేదేనా? యాడ ల్యాదో నువ్వు సూడొద్దా?"

ఆ రోజు నా మెషీన్‌లో గ్రెప్ అని కొడితే నడిచింది గ్రెప్ కాదు. అంతకు ముందు కొన్ని నెలల నుంచి నేను అదే వెతికే పని చేసే రిప్‌గ్రెప్‌కి అలవాటు పడ్డాను, చాలా మంచి టూలు, ఇప్పటికీ రోజూ వాడతాను. ఆ మోజులో ఒక ఏలియాస్ పెట్టుకున్నాను, అంటే గ్రెప్ అని టైప్ చేస్తే సిస్టమ్ రిప్‌గ్రెప్‌ని నడిపేలా. యూట్యూబులో, బ్లాగుల్లో అందరూ చెప్పేది అదే కదా, పాతవాటికి బదులు ఈ కొత్తవి పెట్టేసుకోండి, పేరు కూడా మార్చాల్సిన పనిలేదు అని. నాకు ఈ వ్యాసంలో చెప్పాలనిపించింది సరిగ్గా దాని గురించే. కొత్త టూల్స్ వాడండి, నిస్సంకోచంగా వాడండి, కానీ వాటిని వాటి పేరుతోనే పిలవండి. పాత పేరుకి కొత్త టూలు కడితే, అది ఏం చూస్తుందో ఏం చూడకుండా వదిలేస్తుందో మీకు తెలియకుండా పోతుంది.

రిప్‌గ్రెప్ ఏం వదిలేసిందో చెప్తాను. పుస్తకం ఫైళ్లన్నీ గిట్‌లో పెట్టుకునేవాణ్ని, ఏ రోజు ఏం మార్చామో తెలియడానికి. అనుబంధాలు అనే ఫోల్డర్‌లో అయ్యవారిచ్చిన పాత కాగితాల స్కాన్లు ఉండేవి, ఒక్కొక్కటి చాలా పెద్దది. అవన్నీ గిట్‌లోకి ఎక్కితే బరువైపోతుందని ఆ ఫోల్డర్ పేరు గిట్ పట్టించుకోకూడనివి రాసే గిట్‌ఇగ్నోర్ ఫైల్లో రాసిపెట్టాను. ఆ స్కాన్లు చూసి టైప్ చేసిన టెక్స్ట్ ఫైళ్లు కూడా వాటి పక్కనే ఉన్నాయన్న సంగతి అప్పుడు తట్టలేదు. రిప్‌గ్రెప్ గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నవాటిని వెతకదు. చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లని వెతకదు, బొమ్మల్లాంటి, టెక్స్ట్ కాని బైనరీ ఫైళ్లని కూడా వదిలేస్తుంది. ప్రోగ్రామర్లకి ఇది వరం, ఎందుకంటే వాళ్ల ఫోల్డర్లలో సగానికి సగం మిషను తయారుచేసిన చెత్తే ఉంటుంది, అందులో వెతకడం దండగ. దాన్ని 2016లో బయటికి తెచ్చిన ఆండ్రూ గాలెంట్ ఈ విషయం దాచిపెట్టలేదు, డాక్యుమెంటేషన్‌లో మొదట్లోనే ఉంటుంది. యు అనే ఆప్షన్ ఒకసారి ఇస్తే ఇగ్నోర్ ఫైళ్లని లెక్కచేయదు, రెండుసార్లు ఇస్తే దాచినవి కూడా చూస్తుంది, మూడుసార్లు ఇస్తే బైనరీలు కూడా. చదవకుండా పేరు మార్చి కట్టుకున్నది నేను.

ఇంకో సంగతి చూడండి. గ్రెప్‌లో చిన్న ఆర్ ఆప్షన్ అంటే లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళ్లి వెతుకు అని. రిప్‌గ్రెప్‌కి అలా చెప్పాల్సిన పనిలేదు, దానంతట అదే వెళ్తుంది, కాబట్టి దాంట్లో అదే ఆర్‌కి వేరే పని ఇచ్చారు: దొరికిన మాట బదులు ఇంకో మాట పెట్టి చూపించు అని. ఫైలుని ముట్టుకోదు, తెరమీద చూపించేది మాత్రం మారిపోతుంది. ఏళ్ల తరబడి అలవాటున్న వేళ్లు ఆర్ కొడితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. పేరు ఒకటే, అక్షరం ఒకటే, అర్థం వేరు.

అలాగని రిప్‌గ్రెప్‌ని వద్దంటానా, అనను. అదే టూలు నాకు గ్రెప్ చూపించనిది చూపించింది. మా షాపుకి వచ్చేవాళ్లు పెన్‌డ్రైవ్‌లో రకరకాల ఫైళ్లు తెస్తారు. పాత విండోస్‌లో నోట్‌ప్యాడ్‌లో తెలుగు కొట్టి సేవ్ చేయబోతే, యూనికోడ్ అని ఎంచుకోకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయని హెచ్చరించేది, జనం భయపడి దాన్నే ఎంచుకునేవాళ్లు. అలా సేవ్ అయ్యేది యూటీఎఫ్-16 అనే పద్ధతిలో. లినక్స్‌లో మనం కొట్టే తెలుగు యూటీఎఫ్-8లో ఉంటుంది. ఒకే మాట, లోపల బైట్లు పూర్తిగా వేరు. ప్రొద్దుటూరు అన్న మాట యూటీఎఫ్-8లో 36 బైట్లు, యూటీఎఫ్-16లో 24 బైట్లు. గ్రెప్ ఆ ఫైల్లో ప్రొద్దుటూరు లేదంటుంది, అబద్ధం చెప్పదు పాపం, మనం ఇచ్చిన బైట్ల వరస దాంట్లో నిజంగానే లేదు. రిప్‌గ్రెప్ ఫైలు మొదట్లో ఉండే గుర్తు చూసి, ఇది యూటీఎఫ్-16 అని కనిపెట్టి, మార్చుకుని మరీ వెతుకుతుంది. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు కుర్చీలోంచి లేచాను. ఒక ఎం.ఫిల్. థీసిస్ తాలూకు అధ్యాయాలు ఆరు గ్రెప్‌కి కనిపించనివి దీనికి కనిపించాయి.

అంటే ఒకటి గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నది వదిలేసింది, ఇంకొకటి యూటీఎఫ్-16లో ఉన్నది వదిలేసింది. రెండూ లేదనే అన్నాయి. చిన్నాన్న అడిగిన ప్రశ్న రెండింటికీ వర్తిస్తుంది.

తెలుగుతో పనిచేసేవాళ్లకి ఈ ప్రశ్న ఇంకా లోతుకి పోతుంది. ప్రొద్దుటూరునే తీసుకోండి. మన కంటికి నాలుగు అక్షరాలు: ప్రొ, ద్దు, టూ, రు. బడిలో గుణింతాలు నేర్చుకున్న ఏ పిల్లాడినడిగినా నాలుగనే చెప్తాడు. యూనికోడ్ లెక్కలో పన్నెండు: ప, పొల్లు, ర, ఒత్వం, ద, పొల్లు, ద, కొమ్ము, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 36. లెక్కలు చెప్పే డబ్ల్యూసీ కమాండ్‌ని బైట్లు లెక్కపెట్టమంటే 36 అంటుంది, అక్షరాలు లెక్కపెట్టమంటే 12 అంటుంది, నాలుగు అని చెప్పే కమాండ్ డబ్బాలో లేదు. టెక్స్ట్‌ని లైను లైనుగా చూసే ఆక్ కమాండ్‌లో పొడవు అడిగితే ఏ ఆక్ అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో మామూలుగా వచ్చేది మాక్ అనే ఆక్, నా దగ్గర అది 36 అంది, గ్నూ ఆక్ పెట్టుకుంటే 12 అంది. కట్ కమాండ్‌కి అక్షరాల ఆప్షన్ ఉంది కదా అని మొదటి నాలుగు అక్షరాలు ఇమ్మన్నాను. నా మెషీన్‌లో ఉన్న కట్ అక్షరమన్నా బైటన్నా ఒకటే అనుకుంటుంది. నాలుగు బైట్లు కోసి ఇచ్చింది: ఒక ప, దాని పక్కన పొల్లులో మూడో వంతు. తెరమీద ప పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. మన ఊరి పేరుని అలా ముక్క తెగి చూస్తే మనసుకి ఎట్లో ఉంటుంది.

ఇక్కడ కొత్త టూల్స్‌కి మంచి మార్కులే వేయాలి. రిప్‌గ్రెప్‌లో మాటలో భాగం అని చెప్పే గుర్తు వాడితే గుణింతాలని, పొల్లుని మాటలో భాగంగానే లెక్కేస్తుంది, ప్రొద్దుటూరుని మధ్యలో తెంపదు. మొదటి నుంచీ యూనికోడ్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవాటికి, ఇంగ్లీషు అక్షరాల కాలంలో పుట్టి తర్వాత అతుకులు వేసుకున్నవాటికి ఈ తేడా ఉంటుంది. ఇది పాతవాళ్ల తప్పని నేను అనను. గ్రెప్‌ని కెన్ థాంప్సన్ బెల్ ల్యాబ్స్‌లో 1973లో రాశాడు, ఈడీ అనే ఎడిటర్‌లో ఉన్న ఒక కమాండ్ నుంచి దాని పేరు వచ్చింది. యూనికోడ్ అన్న మాటే అప్పటికి లేదు.

కానీ కొత్తవి కూడా చేతులెత్తేసేవి ఉన్నాయి. ఇదే పుస్తకంలో సి.పి. బ్రౌన్ పేరు చాలాచోట్ల వస్తుంది, కడప పుస్తకంలో రాకుండా ఎట్లుంటుంది. అయ్యవారి ఫైళ్లలో అది మూడు రకాలుగా ఉంది: బ్రౌన్ గారు అని ఖాళీతో, బ్రౌన్‌గారు అని కలిపి, బ్రౌన్గారు అని న కింద గ వత్తు పడి. రెండోదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, వత్తుగా మారకుండా ఆపేది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్ని వేయవు, ఫోన్‌లో కొట్టి వాట్సాప్‌లో పంపిన దాంట్లో ఎలా ఉంటుందో చెప్పలేం. కలిపి రాసిన బ్రౌన్‌గారు కోసం వెతికితే మిగతా రెండూ రావు. గ్రెప్‌కీ రావు, రిప్‌గ్రెప్‌కీ రావు. ఆ కనిపించని గుర్తు ఉన్నా సరే లేకపోయినా సరే, ఖాళీ ఉన్నా సరే అని మనమే ప్యాటర్న్‌లో, అంటే వెతకమని ఇచ్చే నమూనాలో, రాయాలి. నేను ఇప్పుడు ఏ పొల్లు తర్వాతైనా అలాగే రాస్తున్నాను, కాస్త చిరాకైనా. బ్రౌన్ కడపలో పండితుల్ని సొంత డబ్బుతో పెట్టుకుని ఒకే కావ్యానికి ఉన్న తాళపత్ర ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పాఠాలు పోల్చి చూపించేవాడు. ఒక ప్రతిలో పద్యం లేకపోతే అసలు లేదని తేల్చేయకుండా ఇంకో ప్రతి తెప్పించేవాడు. మేము షాపులో చేసేది దానిముందు ఎంత, అయినా పద్ధతి అదే ఉండాలి.

మిగతా టూల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫైళ్లని పేరుతో వెతికే ఫైండ్ బదులు ఎఫ్‌డీ హాయిగా ఉంటుంది, ఆప్షన్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని తక్కువ, కానీ అది కూడా రిప్‌గ్రెప్‌లాగే ఇగ్నోర్ ఫైళ్లనీ దాచినవాటినీ వదిలేస్తుంది. ఫైలుని తెరమీద చూపించే క్యాట్ బదులు బ్యాట్ రంగులతో, లైన్ నంబర్లతో చూపిస్తుంది. తెలుగు టెక్స్ట్‌కి రంగుల వల్ల లాభం లేదు, లైన్ నంబర్ల వల్ల ఉంది, ప్రూఫులు దిద్దేటప్పుడు ఫలానా లైను అని ఫోన్‌లో చెప్పుకోవచ్చు. కొన్ని అక్షరాలు కొడితే కావాల్సిన పేరు వెతికిచ్చే ఎఫ్‌జెడ్‌ఎఫ్ గురించి ఎంత చెప్పినా తక్కువే, జునెగున్ చోయ్ రాసిన ఈ టూలు లేకుండా నేను ఇప్పుడు ఏ ఫైలూ తెరవను. ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే టాప్ బదులు హెచ్‌టాప్ అందరికీ తెలిసిందే. ఎన్‌సీడీయూ షాపు హార్డ్‌డిస్క్ నిండినప్పుడు ఎవరి పెళ్లి ఆల్బమ్ ఎంత చోటు తినేస్తోందో రెండు నిమిషాల్లో చూపించింది. స్పీడు గురించి చాలామంది గొప్పగా చెప్తారు. నిజమే, రిప్‌గ్రెప్ చాలా వేగం. కానీ మా షాపులో పుస్తకాల టెక్స్ట్ మొత్తం కలిపినా గ్రెప్‌కి కన్ను మూసి తెరిచేంత పనే, స్పీడు కోసం టూలు మార్చాల్సిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు.

డెబియన్ వాళ్లు చేసిన పని ఒకటి నాకు చాలా నచ్చింది. ఎఫ్‌డీ, బ్యాట్ అన్న పేర్లు అప్పటికే వేరే ప్యాకేజీల ప్రోగ్రాములకి ఉన్నాయని, కొత్తవాటిని ఎఫ్‌డీఫైండ్, బ్యాట్‌క్యాట్ అనే పేర్లతో ఇచ్చారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లు టూలు రాలేదేంటని తిట్టుకుంటారు. నాకు మాత్రం అందులో మర్యాద కనిపిస్తుంది. ముందున్నవాడి పేరు ముందున్నవాడిదే.

దీనికి ఎదురుగా నడిచిన సంగతి కూడా ఉంది. ఉబుంటు 25.10లో ఎల్‌ఎస్, డేట్ లాంటి రోజువారీ కమాండ్ల గుంపు గ్నూ కోర్‌యుటిల్స్ బదులు రస్ట్ భాషలో తిరగరాసిన యుయుటిల్స్‌ని డిఫాల్ట్‌గా పెట్టారు, అవే పాత పేర్లతో. డేట్ కమాండ్‌కి ఒక ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పమనే ఆప్షన్ ఉంటుంది. కొత్త డేట్ ఆ ఫైలు సంగతి వదిలేసి ఇప్పటి టైము చెప్పింది. ఎర్రర్ ఇవ్వలేదు, తప్పు జవాబు మామూలుగా ఇచ్చేసింది. దానివల్ల ఆటోమేటిక్‌గా అప్‌డేట్లు ఉన్నాయో లేవో చూసుకునే పని ఆగిపోయింది. తొందరగానే సరిచేశారు, ఆ ప్రాజెక్టు మీద పనిచేసేవాళ్ల శ్రద్ధ మీద నాకు అనుమానం లేదు, మెమరీ తప్పులు రాని భాషలో రాయాలన్న ఉద్దేశం మంచిదే. కానీ దాన్ని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఐదొందల చీటీలే. పాత పేరు మీద నమ్మకంతో స్క్రిప్టులు నడుస్తుంటాయి, ఆ నమ్మకం కొత్తవాడికి ఉచితంగా వచ్చేసింది.

లైసెన్సు గురించి కూడా చెప్పాలి. మనం పాతవి అంటున్న గ్నూ టూల్స్ ఒకప్పుడు ప్రత్యామ్నాయాలే. యూనిక్స్ కంపెనీల చేతుల్లో ఉండగా, అందరికీ స్వేచ్ఛగా ఉండే సిస్టమ్ కావాలని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ మొదలుపెట్టాడు, కమాండ్లన్నీ ఒక్కొక్కటే తిరగరాశారు. వాటికి జీపీఎల్ లైసెన్సు పెట్టారు: తీసుకో, మార్చుకో, కానీ మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే సోర్సు, అంటే ప్రోగ్రాము రాసిన మూల పాఠం, కూడా ఇవ్వు అని. ఇప్పుడొచ్చే కొత్త టూల్స్‌లో ఎక్కువ భాగం ఎంఐటీ లాంటి లైసెన్సులతో వస్తున్నాయి, యుయుటిల్స్ కూడా అంతే. దాంట్లో ఆ షరతు ఉండదు. తీసుకున్నవాడు మార్చి మూసేసుకోవచ్చు. మా షాపులో ఒకరిద్దరు, "ఉచితంగా దొరికితే చాలదా అన్నా" అంటారు. చాలదు. ఎందుకు చాలదో మా షాపు అలమారలోనే ఉంది.

ఆ అలమారలో రెండు వేల సంవత్సరం నాటి నుంచి చేసిన పుస్తకాల సీడీలు ఉన్నాయి. అవన్నీ మేం యూనికోడ్ వాడకముందు, అప్పటి తెలుగు ఫాంట్లతో, డబ్బు పెట్టి కొన్న పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్‌లో చేసినవి. తెరమీద తెలుగు, లోపల చూస్తే ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే ఏమీ కాదు. గ్రెప్ అయినా రిప్‌గ్రెప్ అయినా వాటిల్లో జమ్మలమడుగు వెతకలేవు. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు, తయారుచేసినవాళ్లు పట్టించుకోవడం మానేశారు, సోర్సు ఎవరి దగ్గరా లేదు. కన్వర్టర్లతో మార్చుకుంటున్నాం, వత్తుల దగ్గర తప్పులొస్తాయి, మళ్లీ మనిషి కూర్చుని చదవాల్సిందే. ఆ పుస్తకాలు రాసినవాళ్లలో కొంతమంది ఇప్పుడు లేరు.

దీనిపక్కన ఎక్సా కథ పెట్టి చూడండి. ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు చూపించే ఎల్‌ఎస్ బదులు చాలామంది వాడిన టూలు అది. రాసినాయన పక్కకి తప్పుకోవడంతో అప్‌డేట్లు ఆగిపోయాయి. సోర్సు బయట ఉంది కాబట్టి 2023లో వేరేవాళ్లు అక్కడి నుంచే అందుకుని ఈజా అని నడుపుతున్నారు. కొత్త పేరు పెట్టుకున్నారు, అది కూడా గమనించండి. పాతదాని మీద ఆధారపడినవాళ్ల ఫైలు ఒక్కటి కూడా పోలేదు. యజమాని వెళ్లిపోయినా పనిముట్టు మిగిలే ఏర్పాటు ఇది, కడపలో డీటీపీ షాపు నడిపేవాళ్లకి దీనికంటే కావాల్సింది ఏముంది.

ఏలియాస్ అప్పుడే తీసేశాను. ఇప్పుడు షాపులో ఉన్న రెండు లినక్స్ మెషీన్లలోనూ ఆర్‌జీ అని కొడితే రిప్‌గ్రెప్, గ్రెప్ అని కొడితే గ్రెప్. ప్లేట్లకి పంపే ముందు రెండూ నడుపుతాను, ఆర్‌జీకి యు మూడుసార్లు ఇచ్చి. రెండింటి లెక్కా కలవకపోతే ఎందుకు కలవలేదో తేలేదాకా ఫైలు కదలదు. కొత్తగా చేరిన పిల్లాడికి ముందు గ్రెప్, ఫైండ్ నేర్పించాను, తర్వాతే మిగతావి. వాడికి మొదట్లో చిరాకు, కొత్తది ఉండగా పాతదెందుకని. రేపు ఏ సర్వర్‌లోకి వెళ్లినా ఉండేది అవే కదా అంటే విన్నాడు.

అయ్యవారి పుస్తకం రెండో ముద్రణకి వచ్చింది. అనుబంధాల్లో టెక్స్ట్‌నీ స్కాన్లనీ వేరే ఫోల్డర్లలోకి విడదీశాను. నిన్న రాత్రి ఆయన ముందే కూర్చుని జమ్ములమడుగు కోసం వెతికాను, పొల్లు తర్వాత కనిపించని గుర్తు ఉన్నా పట్టుకునేలా ప్యాటర్న్ రాసి. గ్రెప్ సున్నా అంది, ఆర్‌జీ సున్నా అంది. ఆయన కళ్లజోడు సర్దుకుని స్కాన్ చేసిన పాత పటాన్ని దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి చూపించారు. పటం మీద చేత్తో రాసిన పేరు, అది బొమ్మ కాబట్టి ఏ టూలూ చదవదు: జమ్ములమడుగు.

"ఇది అట్లే ఉండనీ," అన్నారు. "ఆ కాలంలో రాసినాయన అట్ల రాసినాడు. కింద ఒక గమనిక వేద్దాం."